చివరిగా ఎవరి చేతిలో పడింది?

(గ్రంథాలయ వారోత్సవాల్లో కందుకూరులో తపాలా శాఖ విశ్రాంత ఉద్యోగి ఒకరు చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు పోకుండా రాసుకున్నది.)

అందరికీ నమస్కారం. లైబ్రేరియన్ గారు నన్ను పిలిచి "ఏదైనా మంచి పుస్తకం మీద మాట్లాడండి సార్" అన్నారు. "నేను జీవితమంతా చదివింది అడ్రసులేనండీ" అన్నాను. ఆయన నవ్వి, "అయితే వాటి మీదే మాట్లాడండి" అన్నారు. అందుకని ఇలా నిలబడ్డాను. బోర్డూ సుద్దముక్కా అడిగి పెట్టించుకున్నాను, కాసేపయ్యాక లెక్క చేయిస్తాను. పారిపోవద్దు. (నవ్వులు)

రిటైరయ్యాక కూడా నన్ను వదలని ప్రశ్న ఒకటుంది. టీకొట్టు దగ్గరైనా సరే, పెళ్లి పంక్తిలో విస్తరి ముందు కూర్చున్నా సరే, ఎవరో ఒకరు ఫోన్ తీసి నా కళ్ల ముందు పెడతారు. "సార్, మా పార్సిల్ యాడుందో కాస్త చూడండి." నేను చూస్తాను. అందులో ఏముంటుందో వాళ్లకూ కనబడుతూనే ఉంటుంది. కానీ వాళ్లకు కావాల్సిన జవాబు అందులో ఉండదు. ఎందుకంటే ట్రాకింగ్ నంబరు పార్సిల్ ఎక్కడుందో చెప్పదు. చివరిగా ఎవరి చేతిలో పడిందో, ఎన్ని గంటలకు పడిందో చెబుతుంది. అంతే. ఈ రెండింటికీ తేడా తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది.

ఎలాగో చెబుతాను. మీరు ఇక్కడి పోస్టాఫీసు కౌంటర్లో ఒక స్పీడ్ పోస్ట్ ఇచ్చారు. గుమస్తా దాని మీద బార్‌కోడ్ చీటీ అంటించి, స్కాన్ చేసి, రసీదు ఇచ్చాడు. అదే మొదటి స్కాన్. సాయంత్రం అయ్యేసరికి మీదీ, ఇంకో నలభై మందివీ కలిపి ఒక సంచిలో వేస్తారు. ఆ సంచికి వేరే నంబరు ఉంటుంది. "ఈ సంచిలో ఈ నలభై ఒక్కటీ ఉన్నాయి" అని కంప్యూటర్లో రాసి మూతి కట్టేస్తారు. ఇక అక్కణ్ణించి ప్రయాణం చేసేది సంచి. దారిలో ఎవరు స్కాన్ చేసినా సంచినే చేస్తారు. ఇంటిల్లిపాదీ ఒకే బస్సెక్కి పెళ్లికి వెళుతుంటే బస్సు ఎక్కడిదాకా వచ్చిందని అడుగుతాం గానీ, లోపల చిన్నోడు ఏ సీట్లో ఉన్నాడని అడగం కదా. పెద్ద ఊరి సార్టింగ్ కేంద్రంలో, అంటే ఊళ్ల వారీగా వేరు చేసే చోట, సంచి మూతి విప్పినప్పుడు మళ్లీ ఒక్కొక్కటీ బయటికి వస్తుంది, మళ్లీ స్కాన్ పడుతుంది.

కాబట్టి రాత్రి ఎనిమిది గంటలకు "బ్యాగ్ డిస్పాచ్డ్" అని వచ్చి, మర్నాడు మధ్యాహ్నం దాకా ఉలుకూ పలుకూ లేదంటే అది పోయినట్టు కాదు. సంచిలో ఉంది. నేను రైల్లో సార్టింగ్ చేసిన రోజుల్లో, సింగరాయకొండ దాటుతుంటే కిటికీలోంచి చల్లగాలి వచ్చేది. చుట్టూ మూతి కట్టిన సంచులు. వాటి కోసం ఎన్ని ఊళ్లలో ఎంతమంది ఎదురుచూస్తున్నారోనని అనిపించేది. అప్పుడు ఈ ఫోన్లు లేవు, అందుకని వాళ్లు పదిహేను రోజులు హాయిగా ఎదురుచూసేవాళ్లు. ఇప్పుడు గంటకోసారి చూసుకుని బీపీ పెంచుకుంటున్నాం.

సరే, నంబరు సంగతికి వద్దాం. కొరియర్ కంపెనీలు ఒక్కొక్కటీ ఒక్కో రకం నంబరు పెట్టుకుంటాయి, వాటికో ఉమ్మడి పద్ధతి లేదు. తపాలా వాళ్లది మాత్రం దేశదేశాలకూ ఒకటే. 1874లో స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో పుట్టిన విశ్వ తపాలా సంఘం ఒకటుంది, ఇవాళ అందులో 192 దేశాలున్నాయి. వాళ్లు ఖాయం చేసిన పద్ధతి ప్రకారం నంబరుకు మొత్తం పదమూడు గళ్లు. ముందు రెండు ఇంగ్లీషు అక్షరాలు, మధ్యలో తొమ్మిది అంకెలు, చివర రెండు అక్షరాలు. మొదటి అక్షరం 'ఈ' అయితే స్పీడ్ పోస్ట్ జాతి, 'ఆర్' అయితే రిజిస్టర్డ్, 'సి' అయితే పార్సిల్, 'వి' అయితే ఇన్సూర్ చేసింది. రిజిస్టర్డ్ అంటే గుర్తొచ్చింది, దేశంలోపలి రిజిస్టర్డ్ పోస్టును 2025లో స్పీడ్ పోస్టులో కలిపేశారు. లాయరు నోటీసు వచ్చిందంటే "రిజిస్టర్ పోస్టు వచ్చింది" అని ఊరంతా చెప్పుకునే మాట ఒకటి అలా పాతబడిపోయింది. 1986లో స్పీడ్ పోస్ట్ మొదలైనప్పుడు, "ఇది పెద్దూళ్ల వాళ్లకి, మనకెందుకు" అన్నవాళ్లలో నేనూ ఉన్నాను.

చివరి రెండు అక్షరాలు 'ఐ ఎన్' అంటే ఇండియా. ఇక్కడే చాలామంది పొరబడతారు. అది పార్సిల్ వెళ్లే దేశం కాదు, బయలుదేరిన దేశం. అమెరికాలో ఉన్న మీ అబ్బాయికి ఇక్కడ పోస్టాఫీసులో గోంగూర పచ్చడి కట్టించి పంపితే దాని చివర 'ఐ ఎన్' అనే ఉంటుంది. అదే నంబరును వాడు అక్కడి తపాలా శాఖ వెబ్‌సైట్‌లో కొట్టినా కనబడుతుంది. నంబరు మారక్కర్లేదు. అన్ని దేశాలూ ఒకే పద్ధతి పెట్టుకోవడంలో లాభం అది.

ఇప్పుడు లెక్క. మధ్యలో తొమ్మిది అంకెలన్నాను కదా, అందులో అసలు నంబరు ఎనిమిదే. తొమ్మిదోది కాపలాదారు. మిగతా ఎనిమిదీ సరిగ్గా ఉన్నాయో లేదో అది చెప్పేస్తుంది. (బోర్డు మీద రాస్తూ) ఉదాహరణకు 1 2 3 4 5 6 7 8 అనుకుందాం. వీటి కింద 8, 6, 4, 2, 3, 5, 9, 7 అని రాసుకోండి. ఈ వరస ఎప్పుడూ మారదు. పైదానికీ కిందిదానికీ గుణించండి. ఒకటి ఎనిమిదులు ఎనిమిది. రెండు ఆర్లు పన్నెండు. మూడు నాలుగులు పన్నెండు. నాలుగు రెళ్లు ఎనిమిది. అయిదు మూళ్లు పదిహేను. ఆరయిదులు ముప్పై. ఏడు తొమ్ముదులు అరవై మూడు. ఎనిమిదేళ్లు యాభై ఆరు. కూడండి. ఎంతొచ్చింది? అమ్మాయీ, నువ్వు చెప్పు. రెండు వందల నాలుగు, భేష్. దాన్ని పదకొండుతో భాగిస్తే శేషం ఆరు. పదకొండులోంచి ఆరు తీసేస్తే అయిదు. అంటే తొమ్మిదో అంకె అయిదే ఉండాలి. ఇంకేమున్నా ఆ నంబరు తప్పు. శేషం ఒకటి వస్తే పది మిగులుతుంది, అప్పుడు సున్నా వేస్తారు. శేషమే లేకపోతే అయిదు వేస్తారు. ఆ రెండూ ప్రత్యేకం.

ఇంత తతంగం ఎందుకంటే మనుషులు ఎక్కువగా చేసే పొరపాట్లు రెండు రకాలు. ఒక అంకె బదులు ఇంకోటి రాయడం, పక్కపక్క అంకెల్ని అటూ ఇటూ చేయడం. ఇప్పుడు 6 7 బదులు 7 6 రాశామనుకోండి. మొత్తం రెండు వందలు వస్తుంది, శేషం రెండు, పదకొండులోంచి తీస్తే తొమ్మిది. కానీ చివర అయిదుంది. దొరికిపోయింది. కింద రాసిన అంకెలన్నీ వేర్వేరుగా ఉన్నాయి చూశారా, అందుకే తారుమారు పట్టుబడుతుంది. ఉత్తినే కూడితే దొరకదు. ఇది ఎవరు కనిపెట్టారో గానీ, నాకు మాత్రం పద్యంలో యతి కుదిరినంత ముచ్చటగా ఉంటుంది.

అక్షరాల దగ్గర ఇంకో తిరకాసు. ఇంగ్లీషు 'ఓ' కీ సున్నాకీ తేడా తెలియక కొట్టుకుపోయినవాళ్లు బోలెడు. తపాలా నంబరు అయితే సులువే, మొదటి రెండూ చివరి రెండూ తప్ప మధ్యలో అక్షరం ఉండదు. మధ్యలో గుండ్రంగా ఏది కనబడినా అది సున్నానే.

పచ్చళ్ల దగ్గరికి మళ్లీ వస్తాను, మన ఊళ్లలో అసలు అవస్థ అక్కడే ఉంది. చాలామంది పోస్టాఫీసుకు రారు, వీధి చివర విదేశీ కొరియర్ ఏజెంటు దగ్గరికి వెళతారు. ఆయన తూకం వేసి, డబ్బాకు టేపు చుట్టి, ఒక చీటీ ఇస్తాడు. ఆ చీటీ మీద నంబరు ఆయనది. మీ డబ్బా చెన్నైకో హైదరాబాద్‌కో చేరి, అక్కడ పెద్ద కంపెనీ చేతిలో పడ్డాక వాళ్లు కొత్త నంబరు ఇస్తారు. దాన్ని ఫార్వార్డింగ్ నంబరు అంటారు. యూపీఎస్ అయితే 'ఒకటి, జెడ్' అని మొదలై మొత్తం పద్దెనిమిది గళ్లుంటుంది. మామూలుగా ఫెడెక్స్‌కు పన్నెండంకెలు, డీహెచ్ఎల్ ఎక్స్‌ప్రెస్‌కు పదంకెలు. ఏజెంటు ఇచ్చిన నంబరు తీసుకెళ్లి పెద్ద కంపెనీ సైట్‌లో కొట్టి, "దొరకలేదంటోంది, మోసపోయాం" అని ఏడ్చినవాళ్లను చూశాను. మోసం కాదు, ఆ నంబరు ఆ ఇంటిది కాదు, అంతే. మూడు రోజులాగి ఏజెంటును ఫార్వార్డింగ్ నంబరు అడగండి. వారమైనా ఇవ్వకపోతే మాత్రం మీ డబ్బా ఇంకా ఆయన గోడౌన్లోనే ఉందని అనుకోవచ్చు.

ఆన్‌లైన్‌లో కొన్నప్పుడూ ఇలాంటిదే ఉంది. ఆర్డరు పెట్టిన గంటకే "షిప్పింగ్ లేబుల్ క్రియేటెడ్" అని నంబరుతో సహా మెసేజ్ వస్తుంది. పార్సిల్ బయలుదేరిందని మనం సంబరపడతాం. నంబరు పుట్టడం వేరు, పార్సిల్ కదలడం వేరు. బిడ్డ పుట్టకముందే పేరు పెట్టినట్టు. అమ్మేవాడు చీటీ ప్రింటు తీశాడంతే, వస్తువు ఇంకా వాడి అరలోనే ఉండొచ్చు. 'పికప్' అనో 'బుక్డ్' అనో స్కాన్ పడ్డాకే లెక్క మొదలు.

పిన్ కోడ్ గురించి కొంచెం. 1972 ఆగస్టు 15న మొదలైంది. ఆరంకెలు. మనది 523105. మొదటి అంకె అయిదు అంటే ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటకలకు చెందిన ప్రాంతం, మొదటి మూడూ కలిస్తే సార్టింగ్ జిల్లా, చివరి మూడూ ఏ పోస్టాఫీసో చెబుతాయి. 523 ఒంగోలు వైపు, 524 నెల్లూరు వైపు. 2022లో మన కందుకూరును ప్రకాశం నుంచి తీసి నెల్లూరులో కలిపారు, గుర్తుందా? ఆ ఏడాదే చీరాల బాపట్లలోకి, గూడూరు తిరుపతిలోకి వెళ్లాయి. తర్వాత మళ్లీ మారినవీ ఉన్నాయి. అయినా మన పిన్ 523తోనే ఉంది, చీరాలదీ 523తోనే ఉంది, గూడూరుది 524తోనే ఉంది. జిల్లా పేరు రాయడంలో తప్పు చేసినా సంచి దారి తప్పదు. పిన్ తప్పు రాశారా, జిల్లా ఎంత అందంగా రాసినా మీ కవరు ఊరేగింపు చేస్తుంది.

దీనికి సంబంధించిందే ఇంకో ఫిర్యాదు. "సార్, చెన్నై నుంచి వస్తున్న పార్సిల్ మన ఊరు దాటి విజయవాడ పోయిందంట, మళ్లీ వెనక్కి వస్తోందంట, వీళ్లకు బుద్ధుందా?" ఉంది. చెన్నైలో కూర్చున్నవాడికి ప్రతి చిన్న ఊరికీ వేరే సంచి కట్టడం కుదరదు. పెద్ద కేంద్రానికి ఒక సంచి కడతాడు. అక్కడ విప్పి, చిన్న సంచులు కట్టి, వెనక్కి పంపుతారు. రాత్రి మనం నిద్రపోతున్నప్పుడు హైవే మీద మన ఊరి అడ్డరోడ్డు ముందు నుంచే ఆ లారీ వెళ్లిపోతుంది. ఆపి మనది మాత్రం దింపాలంటే లారీ అంతా గాలించాలి. మైళ్లు పెరిగినా రోజులు తగ్గుతాయి.

ఇక 'డెలివర్డ్' అనే మాట. దీని మీద నాకు సొంత అనుభవం ఉంది, నవ్వొద్దు. హైదరాబాద్ నుంచి మా అల్లుడు నా కొత్త కళ్లద్దాలు ఒక ప్రైవేటు కొరియర్లో పంపాడు. పేరు చెప్పను. నేను వరండాలో కూర్చుని పేపరు తిరగేస్తున్నాను, అంటే పాత అద్దాలతో హెడ్డింగులు చూస్తున్నాను. ఫోన్ టింగుమంది. "డెలివర్డ్, 11.42, రిసీవ్డ్ బై సెల్ఫ్." సెల్ఫ్ అంటే నేనే కదా! నా చేతుల వైపు చూసుకున్నాను. గేటు దాకా వెళ్లొచ్చాను. మా ఆవిడ, "ముప్పై ఏళ్లు ఊరందరికీ చెప్పావు, ఇప్పుడు నీకెవరు చెబుతారో" అంది.

వాళ్ల ఆఫీసుకెళ్లాను. కోపం చేయలేదు. "పీఓడీ చూపించండి" అన్నాను. పీఓడీ అంటే అందినట్టు ఋజువు. సంతకం గానీ ఫోటో గానీ ఉంటుంది. కుర్రాడు కంప్యూటర్ తిప్పి చూపించాడు. సంతకం స్థానంలో ఒక గీత. గీత నాది కాదు. కానీ ఫోటో ఉంది, అందులో నా ప్యాకెట్ ఒక గాజు బల్ల మీద ఉంది. బల్ల కింద దగ్గు మందు సీసాలు. మా వీధి మొదట్లో మెడికల్ షాపు. వెళ్లి అడిగితే, "మీ ఇల్లు తెలుసా అంటే తెలుసన్నాను, ఇచ్చి వెళ్లిపోయాడు సార్" అన్నాడు. డెలివర్డ్ అన్నది ఒక రకంగా నిజమే. ఒక చేతిలో పడింది. ఆ చెయ్యి నాది కాదు. అందుకే చెబుతున్నాను, అలాంటప్పుడు ఫోన్లో అరవకుండా అదే రోజు పీఓడీ అడగండి. వారం తర్వాత అడిగితే ఆ కుర్రాడికే గుర్తుండదు.

"డోర్ లాక్డ్" అని వస్తే, ఇంట్లోనే ఉన్నాం కదా అని మండిపడతాం. ఒక్కోసారి మన కోపం న్యాయమే. ఒక్కోసారి పార్సిల్ తెచ్చినాయన పిలిచిన పిలుపు మిక్సీ మోతలో వినబడదు. పోస్టాఫీసులో అయితే అలాంటివి వెంటనే తిప్పి పంపరు, మామూలుగా ఏడు రోజులు ఉంచుతారు. గుర్తింపు కార్డు తీసుకుని వెళ్లి తెచ్చుకోండి. తపాలా శాఖ టోల్‌ఫ్రీ నంబరు 1800 266 6868. ఫిర్యాదు చేస్తే ఫిర్యాదుకు కూడా నంబరిస్తారు, దాన్నీ రాసుకోండి.

రసీదు మాట. ఇప్పుడిచ్చే రసీదు కాగితం వేడికి అచ్చు పడే రకం. మన మే నెల ఎండలో చొక్కా జేబులో పెట్టుకుని తిరిగితే అక్షరాలు అలుక్కుపోతాయి, బీరువాలో పెట్టినా కొన్నాళ్లకు తెల్లకాగితం మిగులుతుంది. కౌంటరు దగ్గరే ఫోటో తీసుకోండి. కవరు మీది అడ్రసు కూడా ఫోటో తీస్తే ఇంకా మంచిది.

ఇప్పుడు కాస్త జాగ్రత్తగా వినాల్సింది. "మీ పార్సిల్ గోడౌన్‌కు చేరింది, అడ్రసు సరిగా లేదు, ఇన్ని గంటల్లోగా ఈ లింకులో సరిచేయకపోతే వెనక్కి పంపుతాం" అని తపాలా శాఖ పేరుతో మెసేజీలు వస్తాయి. అవి దొంగవని కేంద్ర ప్రభుత్వ సమాచార శాఖ ఫ్యాక్ట్ చెక్ వాళ్లే చెప్పారు. లింకు నొక్కితే పాతికో యాభయ్యో కట్టమంటుంది. వాళ్లకు కావాల్సింది ఆ పాతిక కాదు, మీ కార్డు వివరాలు. ఒక్క ప్రశ్న వేసుకోండి. ఇందులో ట్రాకింగ్ నంబరుందా? ఉంటే లింకు ముట్టుకోకుండా మీరే అసలు సైట్ తెరిచి కొట్టి చూడండి. గూగుల్లో కస్టమర్ కేర్ నంబరు వెతికి పైన కనబడినదానికి ఫోన్ చేయడం కూడా ఇలాంటి గోతిలోకే దిగడం.

"డెలివరీ బాయ్‌ని, స్టార్ 401 స్టార్ కొట్టి ఈ నంబరు నొక్కండి" అని ఎవరైనా ఫోన్ చేసి చెబితే నొక్కొద్దు. మీకు వచ్చే ఫోన్లన్నీ వాడికి వెళ్లిపోతాయి, ఓటీపీ చెప్పే కాల్సు కూడా. నొక్కేసి ఉంటే ##002# కొట్టి తీసేయండి. "ముంబైలో మీ పేరున పార్సిల్ పట్టుబడింది, అందులో డ్రగ్స్ ఉన్నాయి, వీడియో కాల్‌లోకి రండి" అన్నాడంటే ఫోన్ పెట్టేయండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి కొట్టండి. సిగ్గుపడి దాచిపెట్టుకుంటేనే నష్టం. డెలివరీ ఓటీపీ మాత్రం, ప్యాకెట్ చేతికొచ్చాకే చెప్పండి. గేటు బయట నిలబడి ముందే అడిగితే ముందు ప్యాకెట్ చూపించమనండి.

ఎవరో చెయ్యెత్తారు. చెప్పండన్నా. (శ్రోత: బస్సులో పంపినవాటికి ఎట్టా సార్? పొదలకూరు నుంచి మా బావ నిమ్మకాయల బస్తా వేస్తుంటాడు.) బస్సు పార్సిల్‌కు రసీదు నంబరు ఉంటుంది, అది పోగొట్టుకోవద్దు. దాంతోపాటు బస్సు నంబరూ బయలుదేరిన టైమూ మీ బావను అడిగి పెట్టుకోండి. బస్సు దిగేదాకా బస్తా ఎవరి చేతిలో ఉందో ఆ రెండూ చెబుతాయి. లారీలో వేస్తే ఎల్లార్ నంబరు, అంటే లారీ రసీదు నంబరు, అడగండి. అది లేకుండా ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో నిలబడితే ఎంతసేపైనా నిలబడాల్సిందే.

(వెనక వరసలోంచి ఒకామె చీటీ తెచ్చి ఇచ్చింది.) ఏందమ్మా ఇది? మీ అబ్బాయి ఫోన్లో చెబితే నువ్వు రాసుకున్నావా? లేదు, వాడే రాసిచ్చి వెళ్లాడంటావా. నాలుగు రోజులుగా కొడుతుంటే "నంబరు తప్పు" అంటోందా. సరే, బోర్డు మీద వేద్దాం. నాలుగు, సున్నా, ఆరు, ఏడు, ఏడు, రెండు, మూడు, అయిదు. కాపలాదారు మూడు. అమ్మాయీ, నువ్వే వెయ్యి. ఎంతొచ్చింది? నూట అరవై మూడు. శేషం తొమ్మిది. పదకొండులోంచి తీస్తే రెండు. మూడు రావాలి కదా, రాలేదు.

మీ వాడు ఒకటి ఎలా రాస్తాడమ్మా? పైన చిన్న తోక పెడతాడా? ఈ రెండు ఏడుల్లో మొదటిదానికి తోక కాస్త పొట్టిగా ఉంది చూడు. దాన్ని ఒకటి చేసి మళ్లీ వెయ్యమ్మా. నూట యాభై ఒకటి. శేషం ఎనిమిది. పదకొండులోంచి ఎనిమిది పోతే?

మూడు. ఇప్పుడు కొట్టు ఫోన్లో.